పైఇంట్లో పెట్టిన ప్రస్థానం

ఆ శుక్రవారం పదకొండున్నరకు పంజాగుట్టలోని వీసా ఆఫీసులో నేను రెండు పాస్‌పోర్టులు ఇవ్వాలి, నాదీ మా ఆయనదీ. అప్పటికి తొమ్మిదిన్నర. పాస్‌పోర్టులు అమీర్‌పేటలో మా ఇంటికి సరిగ్గా పైన, మూడో అంతస్తులో, తాళం వేసిన తలుపు వెనక ఉన్నాయి. ఆ ఇల్లు మాది కాదు, తాళమూ మాది కాదు. నేను ఆ తలుపు ముందు నిలబడి తాళాన్ని రెండుసార్లు గుంజి చూశాను, గుంజితే ఊడొస్తుందన్నట్టు.

మీ పాస్‌పోర్టులు పరాయి ఇంట్లో ఎందుకున్నాయని ఎవరైనా అడుగుతారు. చెప్పుకోవడానికి నాకే సిగ్గుగా ఉంది, కానీ చెప్తాను.

మేం జాకెట్లు కుట్టుకుని బతికేవాళ్ళం. కోచింగ్ సెంటర్ల సందులో చిన్న కొట్టు. మా ఆయన కత్తిరిస్తాడు, నేను కుడతాను. పెళ్ళి జాకెట్లే మాకు అన్నం పెట్టేది. ముహూర్తాలున్నన్నాళ్ళు తల ఎత్తడానికి ఉండదు. పంచాంగంలో మూఢం వచ్చిందంటే పెళ్ళిళ్ళు ఆగిపోతాయి, మిషన్ల మీద గుడ్డ కప్పేయొచ్చు. మూఢమంటే లోకమంతా ముఖం ముడుచుకుంటుంది. నాకు మాత్రం అది సెలవు. ఈసారి ఆ సెలవు చలికాలం నిండా పరుచుకుంది, ఫిబ్రవరి సగం దాకా. అంతకుముందు నాలుగైదు చలికాలాలు పెళ్ళిళ్ళలోనే కొట్టుకుపోయాయి. మళ్ళీ ఇలాంటిది ఎప్పుడొస్తుందో తెలీదు. నాకా యాభై నాలుగు నిండాయి, మోకాళ్ళు అప్పుడే మొరాయిస్తున్నాయి.

నాకు జపాన్ పోవాలనిపించింది. నవ్వకండి. మా సందులో జపాన్ భాష నేర్చుకుంటున్న ఒక అమ్మాయి జాకెట్ కొలతలివ్వడానికి వచ్చి, నేను కొలుస్తుంటే ఫోన్‌లో ఏదో చూస్తోంది. నేనూ తొంగి చూశాను. ఊరంతా మంచు. ఆ మంచు మీద మనుషులు నేసిన బట్టలు బారులుగా పరుస్తున్నారు. ఎండ కాసిన రోజున అట్లా పరిస్తే బట్ట తెల్లబడుతుందట, ఫిబ్రవరిలోనే మొదలుపెడతారట. నేను టేపు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. నేను పుట్టింది నేత పనివాళ్ళ ఊళ్ళో. పొద్దున లేస్తే మా వీధి పొడవునా నూలు పడుగు చాచి గంజి పెడుతుండేవాళ్ళు. దాని కింద నుంచి దూరి బడికి పోయేదాన్ని, గంజి చుక్కలు నెత్తిన పడేవి. ఇప్పుడా వీధిలో పడుగూ లేదు, గంజీ లేదు. ప్రపంచంలో ఇంకా ఎక్కడో బట్టను వీధిలో పరుస్తున్నారంటే నా ఒళ్ళు ఝల్లుమంది. చూడాలి, కళ్ళతో చూడాలి, అంతే.

ఆ అమ్మాయే నాకు గురువైంది. జాకెట్ కొలతలు గీసే ఖాకీ కాగితం మీద జపాన్ గీసి ఇచ్చింది. పన్నెండు రోజులు. దిగేది టోక్యోలో. అక్కణ్ణుంచి ఉత్తరాన హొక్కైడో, నడుం లోతు మంచు. తర్వాత కిందికి దిగి నీగాటా, నా బట్టలు పరిచే ఊళ్ళు అక్కడే. ఆ తర్వాత సముద్రం పక్కనే కనజావా. చివరికి క్యోటో, అక్కడ పట్టు నేసేవాళ్ళ సందులున్నాయట. ఏ రోజు ఎక్కడ పడుకుంటామో ఒక్కొక్క రోజూ రాసిస్తేనే వీసాకు తీసుకుంటారని చెప్పింది. సాయంత్రం కొట్టు కట్టేసే ముందు ఆ కాగితాన్ని కటింగ్ బల్ల మీద పరిచి కూర్చునేదాన్ని. మా ఆయన్ని పిలిస్తే వచ్చి చూసేవాడు, "నీ ఇష్టం" అనేవాడు. ఏది అడిగినా "నీ ఇష్టం". నాకు ఒళ్ళు మండేది. ఇష్టం నాదే అయినా, పోయేది ఇద్దరం కదా.

ఇక మా వదిన. మా ఆయన అక్క, ఎర్రగడ్డలో ఉంటుంది. విషయం తెలిసి పంచాంగం చంకన పెట్టుకుని వచ్చింది.

"మూఢంల కొత్త పయనమేందే? గది సుత సముద్రం అవుతలికి. జర బుద్ధి ఉండాలె."

"మూఢం లేకుంటె నాకు తీరదు వదినా. పెళ్ళి జాకెట్లు ఎవలు కుడుతరు?"

ఆమె మా ఖాకీ కాగితం ముందేసుకుని కూర్చుంది. మంగళ బుధవారాలు ఉత్తరానికి పోకూడదంది, హొక్కైడోను శుక్రవారానికి జరిపించింది. గురువారం దక్షిణానికి దిగొద్దంది, నీగాటాను సోమవారానికి తోసింది. జపాన్ వాళ్ళ రైళ్ళన్నీ మా వదిన చెప్పినట్టు నడవాల్సి వచ్చింది. ఆ అమ్మాయి విసుక్కోకుండా అన్నీ కొట్టేసి మళ్ళీ రాసిచ్చింది. ఇన్ని జరిపినా మూఢం మాత్రం జరగదు. అప్పుడు వదినకు ఉపాయం తట్టింది.

"మూఢం పట్టకముందే ప్రస్థానం పెట్టుండ్రి. మంచి గడియల మీ సామాను మీ ఇంట్లకెంచి బయటికి పోయి ఇంకొకల ఇంట్ల కూసున్నదనుకో, మీరు గప్పుడే బయలెల్లినట్టు లెక్క. మల్ల మీ గడప లోపలికి మాత్రం రావొద్దు."

అసలు ప్రస్థానం వారం రోజులకు మించి చెల్లదంటారు. మా వదిన దాన్ని రెండు నెలలకు సాగదీసింది. ఏదో ఒక తువ్వాల పెడదామని మా ఆయన అంటే ఆమె ఒప్పుకోలేదు. "తువ్వాల పెడితె దేవుడు నవ్వుతడు తమ్మీ. ఏది లేకుంటె పయనం ఆగుతదో గదే పెట్టాలె." ఆ మాట నాకూ నచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. అట్లా నవంబరులో ఒక మంచి గడియ చూసి, రెండు పాస్‌పోర్టులూ పసుపు రాసిన గుడ్డ సంచిలో పెట్టి, పైఇంటి టీచరమ్మ చేతికిచ్చాం. ఆమె గోదావరి జిల్లా మనిషి, రిటైరై ఒక్కతే ఉంటుంది. తన దేవుడి గూట్లో పెట్టుకుంది. వీసాకు పోయే రోజున అక్కణ్ణుంచే తీసుకుపోవాలి.

జనవరిలో ఈ శుక్రవారం దొరికింది. దీన్ని వదిలితే మళ్ళీ ఖాళీ నెలాఖరుకు గానీ లేదు. నెలాఖరుకు ఇస్తే వీసా వచ్చేసరికి ఫిబ్రవరి సగం దాటుతుంది, మూఢం పోతుంది, పెళ్ళిళ్ళు మీద పడతాయి. అంటే ఆ తాళం తెరుచుకోకపోతే నాకు ఆ మంచూ లేదు, ఆ బట్టా లేదు.

"ఎటు పోయిందో ఏమో" అన్నాడు మా ఆయన, నా వెనక మెట్ల మీద నిలబడి.

టీచరమ్మకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఆయన కిందికి పోయి వాచ్‌మన్‌ను అడిగి వచ్చాడు. మొన్న సాయంత్రం పెట్టెతో ఆటో ఎక్కిందట. మళ్ళీ ఫోన్. తీయలేదు. ఎదురింటి తలుపు తట్టాను, వాళ్ళకు తెలీదు. "ఆటో స్టాండ్ కాడ అడుగుత" అని ఆయన మళ్ళీ కిందికి పోయాడు, పావుగంటకు వచ్చి తల అడ్డంగా ఊపాడు. పది దాటింది. వదినకు ఫోన్ చేస్తే, "గదే చెప్తున్న, మూఢం ఊకె ఉంటదా" అంది. ఆ క్షణంలో ఆమె నా ముందుంటే ఏమనేదాన్నో నాకే తెలీదు.

నేను కింద మా వంటింట్లోకి పోయి పచ్చడిబండ తెచ్చాను.

"ఏం చేస్తున్నవే?"

"పలగ్గొడుత. కొత్త తాళం నేనే కొనిస్త."

"పరాయి ఇంటి తాళమే అది. పోలీస్ కేసయితది."

"కానియ్యి. జైలుకు నేనే పోత, నువ్వైతె రాకు."

బండ ఎత్తాను. నిజంగానే కొట్టేదాన్ని. అప్పుడు ఫోన్ మోగింది. టీచరమ్మ. రాజమండ్రిలో కూతురికి నొప్పులొచ్చి ఆసుపత్రిలో ఉన్నారట, ఇప్పుడే చూసుకుందట. నేను మంచీ చెడ్డా అడక్కుండానే తాళం సంగతి చెప్పాను, పగలగొడుతున్నానని కూడా చెప్పేశాను.

"పగలగొట్టడమేంటండీ? తాళంచెవి మీ వారికే ఇచ్చి వచ్చానుగా, మొక్కలకి నీళ్ళు పోయమని. మీ సంచి కూడా తీసుకెళ్ళిపోండి, శుక్రవారం పనుందన్నారుగా అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఉండనివ్వండి, తర్వాత తీసుకుంటాం అన్నారు మీ ఆయన గారు. ఏంటి, ఆయన ఊళ్ళో లేరా?"

ఊళ్ళోనే ఉన్నాడండీ అన్నాను. నా పక్కనే ఉన్నాడు. ఫోన్‌లో ఆమె గొంతు పెద్దది, ఆయనకూ వినిపించింది. ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీసి, నా చేతికివ్వకుండా మెట్టు మీద పెట్టాడు.

పెళ్ళయి ముప్పై ఏళ్ళు. నాతో అబద్ధమాడడం రాని మనిషి అనుకునేదాన్ని. కొట్టులో గిరాకీ దగ్గర చిన్న అబద్ధం చెప్పాలన్నా నన్నే ముందుకు తోసేవాడు.

"గంట సేపు నాతోని దేవులాడినవ్" అన్నాను. "ఆటో స్టాండ్ దాక పోయొచ్చినవ్. జేబుల పెట్టుకొని."

"అవును."

"పోను మనసు లేకుంటె లేదని చెప్పొచ్చు గద. నీ ఇష్టం, నీ ఇష్టం అని నన్ను గింత దూరం ఎందుకు తెచ్చినవ్?"

ఆయన తలుపు పక్క గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. "మనసు లేక కాదు. భయమైతది."

"దేనికి?"

"తలుపుకు."

నాకు అర్థం కాలేదు. ఆయన నా వైపు చూడకుండా చెప్పాడు. "ఇమానం తలుపు ఏసినంక మన చేతిల ఉండదు. దిగుతనంటె దింపరు. ఎనిమిది గంటలంట, గా పిల్లను అడిగిన. నాకు ఊపిరాడదే. చిన్నప్పుడు మా బాపు నన్ను మగ్గం అర్రల కూసోపెట్టి బయట గొళ్ళెం ఏసి పోయేటోడు, ఆటకు ఉరుకుతనని. చీర నేసి కోసేదాక తియ్యకపోయేటోడు. ఒకపారి ఊర్లె ఎవలో సచ్చిపోతె అందరు అటు పోయిన్రు. నన్ను మర్శిపోయిన్రు. ఎంత కొట్టిన ఎవలు రాలే. గప్పటి సంది తలుపు నా చేతిల లేకుంటె గుండె ఆగినట్టయితది."

ఒక్కొక్కటే నాకు గుర్తొచ్చాయి. ఆయన లిఫ్టు ఎక్కడు, కాళ్ళకు మంచిదని మెట్లే ఎక్కుతాడు. మెట్రో వచ్చి ఇన్నేళ్ళయినా బండి మీదే తిరుగుతాడు. సినిమాకు పోతే అంచు సీటు కావాలంటాడు. మా కొట్టులో జాకెట్ తొడిగి చూసుకునే గదికి తలుపు పెడదామని నేను ఎంత మొత్తుకున్నా వినకుండా పరదా కట్టించింది ఆయనే. ఇవన్నీ చాదస్తం అనుకుని ఆట పట్టించాను. ముప్పై ఏళ్ళు ఒక మనిషి పక్కన పడుకుని ఇంత మాట తెలుసుకోలేకపోయాను.

జాలి రావాలి. కానీ ముందు కోపమే వచ్చింది, దాచుకోను.

"నాకు ఒక్క మాట చెప్తె ఏం పోయేది?"

"మొగోన్ని, లిఫ్టుకు భయపడుతనని ఎట్ల చెప్పాలె? నువ్వు గా కాయిదం ముందల ఏసుకొని మురుస్తుంటివి. నీ మురిపెం ఎందుకు పాడు చెయ్యాలె అనుకున్న."

"గిప్పుడు చేసింది ఏంది మరి?"

మెట్టు మీది తాళంచెవి అందుకున్నాను. నేను తాళం తీశాను. దేవుడి గూట్లోంచి సంచి తీశాను. బయటికొచ్చేసరికి ఆయన లేచి నిలబడి, ముఖం తుడుచుకుని ఉన్నాడు.

"పా, పోదాం. ఇద్దరియి ఇచ్చిరా. నేనొస్త. నిద్ర గోలి ఏసుకొని పండుకుంట గా ఇమానంల."

ఆయన వస్తానంటే వస్తాడు. అది నాకు తెలుసు. పంటి బిగువున కూర్చుని వస్తాడు.

పదీ ముప్పావుకు బండి తీశాం. పంజాగుట్ట చౌరస్తాలో సిగ్నల్ రెండుసార్లు పచ్చబడినా మేం కదల్లేదు. ఫ్లైఓవర్ కింద అంబులెన్స్ ఒకటి ఇరుక్కుని అరుస్తోంది. నేను ఫైళ్ళనూ సంచినీ పొట్టకు అదుముకుని ఆయన వీపు వంక చూస్తూ కూర్చున్నాను. చొక్కా తడిసిపోయింది. జనవరిలో అంత చెమటేమిటని ఇంకో రోజైతే అడిగేదాన్ని. పదకొండూ పదికి ఆ బిల్డింగ్ ముందు దిగాను. ఆఫీసు ఆరో అంతస్తు. ఒకరు ఇస్తే చాలు, ఇద్దరూ రానక్కర్లేదు.

"బండి చూసుకుంట ఉంట" అన్నాడు. ఎప్పుడూ అదే అంటాడు.

లిఫ్టులో ఏడెనిమిది మందిమి ఇరుక్కున్నాం. నేను ఎన్ని లిఫ్టులు ఎక్కలేదు, తలుపు వంక ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను. రెండు రెక్కలూ వచ్చి అతుక్కున్నాయి, నడుమ సందు కూడా లేదు. పదేళ్ళ పిల్లవాడు లోపల నిలబడి అరచేతులతో ఆ తలుపును బాదుతున్నట్టు నాకు కనిపించింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కన నిలబడ్డ ఆమె ఏమనుకుందో, కొంచెం జరిగింది.

కౌంటర్‌లో నా నంబర్ పిలిచేసరికి పదకొండు ముప్పై ఐదు. అవతల కూర్చున్న అమ్మాయి చెయ్యి చాచింది. "రెండు అర్జీలేనా మేడమ్?"

రెండు ఫైళ్ళూ బల్ల మీద పెట్టాను. మళ్ళీ ఒకటి వెనక్కి తీసుకున్నాను. "ఒక్కటే" అన్నాను. అనేంత వరకూ అంటానని నాకు తెలీదు.

ఆమె కాగితాలు తిప్పి చూసింది. "రోజువారీ ప్లాన్‌లో ఇద్దరున్నారు కదా. ఒక్కరే అయితే ఇది చెల్లదు, మళ్ళీ రాసివ్వాలి. పన్నెండు లోపల ఇవ్వండి, ఆ తర్వాత ఈ రోజు తీసుకోరు."

ఖాళీ కాగితం ఇచ్చింది. ఇంగ్లీషులో నాకు వచ్చింది గిరాకీల పేర్లు రాసేంత మాత్రమే. పాత కాగితం పక్కన పెట్టుకుని, కిటికీ దగ్గర బల్ల మీద ఒక్కో అక్షరం చూసి దించసాగాను. టోక్యో, ఒకరు. హొక్కైడో, ఒకరు. ఒక వరుస తప్పు రాశాను, కొట్టేయకూడదట, ఇంకో కాగితం అడిగి మొదటికొచ్చాను. గోడ గడియారంలో పావు తక్కువ పన్నెండు. అప్పటిదాకా నేను ఒంటరిగా చేసిన పెద్ద ప్రయాణం అంటే మా అమ్మగారి ఊరికి బస్సు. అదీ ఎక్కించేదాకా ఆయన కిటికీ పక్కనే నిలబడేవాడు. మైనస్ చలిలో, భాష రాని రైల్లో, ఒక్కదాన్ని. నీగాటా వరుస రాసేటప్పుడు, మంచు మీద బట్టల పక్కన నేను నిలబడి ఉండడం, ఇది చూడు అని చెప్పడానికి పక్కన ఎవరూ లేకపోవడం కళ్ళకు కట్టింది. భయమేసింది. కలం కింద పెట్టేసి లేచిపోదామనుకున్నాను. రాశాను. కనజావా, ఒకరు. క్యోటో, ఒకరు.

పన్నెండుకు నాలుగు నిమిషాలుండగా ఆమె నా పాస్‌పోర్టు తీసుకుని రసీదు ఇచ్చింది. దిగేటప్పుడు లిఫ్టు ఎక్కలేదు. మోకాళ్ళు తిట్టుకుంటూ ఆరు అంతస్తులూ మెట్లు దిగాను.

ఆయన బండి పక్కనే ఎండలో నిలబడి ఉన్నాడు, హెల్మెట్ కూడా తీయలేదు.

"ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"రెండు?"

"ఒక్కటే. నాదే." ఆయన పాస్‌పోర్టు ఆయన చేతిలో పెట్టాను.

దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. హెల్మెట్ తీశాడు. ఆయన ముఖం నిమ్మళపడింది. ఎన్నో నెలలుగా బిగించుకున్న మనిషి నా కళ్ళ ముందే వదులయ్యాడు. పెళ్ళయినప్పటి నుంచీ అంత నిమ్మళంగా ఆయన్ని నేను చూడలేదు. వద్దు, నేనూ వస్తా అని ఒక్క మాటైనా అంటాడేమోనని నాలో ఎక్కడో ఆశ ఉన్నట్టుంది. అనలేదు. నాకు ఏడుపొచ్చింది, పంజాగుట్ట రోడ్డు మీద అందరూ చూస్తుండగా కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

"ఒక్కదానివే పోతవా?" అన్నాడు పాస్‌పోర్టు జేబులో పెట్టుకుంటూ. "నీకు భయం కాదా?"

"మస్తయితది."

"గింత అల్కగ చెప్తున్నవేందే? నాకు ముప్పై ఏండ్లు పట్టె గా మాట అననీకి."

"నాకు సుత గా మాట పొద్దుగాలదాక రాలే" అన్నాను. "నువ్వు చెప్పినంకనే వచ్చింది."